కట్ట మీది ముడి

కోరుట్ల,
2 ఫిబ్రవరి 2025

అన్నకు,

చెల్లె ప్రేమలత రాసుడు. బాగున్నవా అని అడగనీకి నాకు మొఖం లేదు. నీకు ఆపరేషన్ అయ్యి పదమూడు దినాలైంది, నేను ఇంకా వచ్చి చూడలే. హైదరాబాద్‌కు వస్త అంటే దవాఖానల ఒక్కరినే ఉండనిస్తున్నరని వదిన వద్దన్నది. సిరిసిల్లకు తెచ్చినంక వస్త అంటే నాకే జరం, దగ్గు. కోసిన పెయ్యి కాడికి దగ్గుకుంట పోవద్దు అత్తా అని నీ బిడ్డ కల్యాణి ఆపింది. ఇగ ఇంట్ల కూసొని గోడలు చూసుకుంట ఉన్న.

ఫోన్ చేద్దామంటే నీకు వినవడది. నలభై ఏండ్ల సంది బట్ట నేసే సాంచల సప్పుడు నీ చెవులను తిన్నది. వదిన ఫోన్ పట్టుకొని, నేను పది మాటలు చెప్తే నీకు ఒక్క మాట చెప్తది, అది గూడ ఆమె సొంత మాట. మనిద్దరికి కాయిదమే దిక్కు.

పోయిన ఆయితారం కల్యాణి జగిత్యాల నుంచి వచ్చింది. గా ల్యాబుల రక్తం తీసే కొలువుల చేరినప్పటి సంది పిల్ల మాట నిమ్మలమైంది, మంచిగనే ఉన్నది. నీ సంగతి అంతా చెప్పింది. కుడి ఊపిరితిత్తిల గడ్డ చిన్నదేనట, మొత్తం తీసిన్రట. ఇప్పుడు ముచ్చట ఏందంటే, ఇంకా కీమో మందు పెట్టాల్నా వద్దా అని. కొందరికి గడ్డ తీసినంక మళ్ల రాదట, ఉత్తగనే ఆ మందు పెట్టి పెయ్యిని ఆగం చేసినట్టు అయితదట. కొందరికి రెండేండ్లకు మళ్ల లేస్తదట. కండ్లతోని చూస్తే రెండూ ఒక్కతీర్గనే ఉంటయట. గది తెల్సుకునేతందుకు జీన్ పరీక్ష అని ఒకటి ఉన్నదట. కొత్తది, నూటికి నూరు చెప్పదు గని చానా మట్టుకు దారి చూపెడ్తదట. దవాఖానోళ్లు వాళ్ల చదువుకోసం ఊరికెనే చేస్తరట. నీ గడ్డ ముక్కను మైనంల పెట్టి దాసి ఉంచిన్రట. నువ్వు నాలుగు పేజీల కాయిదం నింపి సంతకం పెడితే చాలు. ఏప్రిల్ సగం దాటితే మాత్రం మందు పెట్టినా అంతగనం పనిచెయ్యదట.

నువ్వు సంతకం పెడ్తలేవని కల్యాణి చెప్పింది. ఎందుకు పెడ్తలేవో రాయి.

కార్ఖానల నీతోని పనిచేసే భూమేశ్ నిన్న ఇక్కడి అత్తగారింటికి వచ్చిండు. ప్రతి నెల లెక్కనే నీకు పంపే బీడీల కట్టకోసం మా గడపల నిలవడ్డడు. ఈసారి ఏమీ ఇయ్యలే, ఉత్త చేతులతోని పంపిన. ఎందుకో నీకు తెలుసు.

చెయ్యి గుంజుతున్నది, ఇగ ఆపుత.
ప్రేమ

సిరిసిల్ల,
9 ఫిబ్రవరి 2025

చెల్లెకు,

నీ జాబు బేస్తారం ముట్టింది. రెండు దినాలు పట్టింది సదివేటందుకు, నీ అక్షరం గట్ల ఉన్నది మరి. నేను మంచిగనే ఉన్న. పక్కటెముకల సందుల కుట్లు గుంజుతయి. నాలుగు మెట్లు ఎక్కుతే ఆగాలె. పండుకున్నా కూసున్నా పానం అలిసినట్టే ఉంటది.

నువ్వు మీది మీదికి రాసినవ్ గని, కట్ట ఎందుకు పంపలేవో నాకు తెల్వది. ఆపరేషన్ కాడికి నిన్ను పిలువలేదని కోపమా? పిలువొద్దని నేను చెప్పలే. మత్తు మందు ఇచ్చినంక ఎవలు వచ్చిన్రో ఎవలు పోయిన్రో నాకు యాది లేదు. ముప్పై ఏండ్ల సంది ఒక్క నెల తప్పకుంట పంపినవ్. ఇప్పుడు బంద్ చేస్తే నేను ఏమనుకోవాలె?

పరీక్ష ముచ్చట విను. కల్యాణి కాయిదం మీద "జీన్ పరీక్ష" అని రాసి చూపెట్టింది. నేను జీన్ గుడ్డ అనుకున్న. సాంచల దుమ్ము ఏ గుడ్డదో ఊపిరితిత్తిల చూస్తరేమో, కరెక్టే కదా అనుకొని, నేను జీన్ ఎన్నడు నేయలే సారు, అంతా పాలిస్టరు, నడుమ కొన్నేండ్లు కాటన్ అని డాక్టర్‌కు చెప్పిన. ఆయన నవ్విండు. పక్కన నర్సులు గూడ నవ్విన్రు. ఎందుకు నవ్విన్రో నాకు వినవడలే, నేను గూడ నవ్విన.

తర్వాత మీ వదిన సత్యవ్వ చెప్పింది, జీన్ అంటే పుట్టుకతోని రక్తంల వచ్చేదట. టీవీల చూసిందట. మన బాపు దగ్గి దగ్గి పోయిండు. పెదబాపు గూడ గట్లనే పోయిండు. ఈ రోగం నా రక్తంల ఉన్నదని కాయిదం మీద పడితే నాలుగు ఊర్లకు తెలుస్తది. బోయినపల్లి నుంచి కల్యాణికోసం మొన్ననే ఒకలు అడిగి పోయిన్రు, పిలగాడు కరెంట్ ఆఫీసుల పనిచేస్తడట. ఇప్పుడు ఇదొకటి ఎందుకని సత్యవ్వ అన్నది. నాకు గూడ నిజమే అనిపించింది. నేను సంతకం పెట్ట.

మీ ఊర్ల కోతుల లొల్లి ఏమైంది? ఇక్కడ రేకుల మీద రోజూ దుంకుతున్నయట. సప్పుడుకు సత్యవ్వ లేస్తది, నేను లేవ.

అన్న,
ఎల్లేశం

కోరుట్ల,
16 ఫిబ్రవరి 2025

అన్నా,

నాకు మస్తు కోపం వచ్చింది. ఈ జాబు రెండుసార్లు రాసి చింపిన, ఇది మూడోది.

వదినకు టీవీ బంద్ చెయ్యమని చెప్పు. కల్యాణిని కూసొవెట్టి మళ్ల మళ్ల అడిగిన, నాకు సమజ్ అయ్యేదాక చెప్పింది. నీ పుట్టుకను, మన బాపు పుట్టుకను ఎవలూ చూస్తలేరు. నీ రక్తం తీస్తలేరు. కోసి తీసిన గడ్డనే చూస్తరు. మనిషి పెయ్యిల అంతటా జీన్లు అవే ఉంటయట. గని ఏ తావుల ఏవి పనిచెయ్యాల్నో, ఏవి ఊకుండాల్నో ఒక పద్ధతి ఉంటదట. గడ్డల ఊకుండాల్సినవి పనిచేస్తయట, పనిచెయ్యాల్సినవి ఊకుంటయట. ఏవేవి ఎంత జోరుగ పనిచేస్తున్నయో కొలిచి, ఈ గడ్డ మళ్ల వచ్చే జాతిదా కాదా చెప్తరట. రిపోర్టు గడ్డ గురించి, పిల్ల గురించి కాదు. బోయినపల్లోళ్లకు భయం అయితే వాళ్ల ఇంట్ల వాళ్లను ఉండమను. కల్యాణే అన్నది ఈ మాట, నేను కాదు.

ఇగ కట్ట సంగతి. నీకు తెల్వదంటే నేను నమ్మ. చిన్నప్పటి సంది నేను చేసిన పని ఒక్కటే, చాట ముంగట పెట్టుకొని తునికాకు కత్తిరించి తంబాకు నింపి చుట్టుడు. మంచియన్ని కంపెనీకి పోయినయి. చెకర్ తీసిపారేసినయి ఏరి, ఇరవై ఐదు కట్ట కట్టి నీకు పంపిన. అన్నకు చెల్లె ఇచ్చేటిది ఇంకేం ఉన్నది నా దగ్గర? గిప్పుడు నీ ఊపిరితిత్తిల ముక్క కోసి తీసిన్రు. ఎవల చేతుల నుంచి పోయింది ఆ పొగ? అద్దంల మొఖం చూసుకుంటే సిగ్గయితున్నది నాకు.

సోమారం నాడు కంపెనీకి పోయి నా బీడీ పని కార్డు వాపస్ ఇచ్చిన. చాటను అటుక మీద పడేసిన. ఇరవై ఏండ్ల కార్డు ఎవలన్న ఇస్తరా అని మా గల్లీ మొగిలవ్వ తిట్టింది. కొడుకు హరీశ్ మొబైల్ షాపు నుంచి వచ్చి తిని పండుకున్నడు. పొద్దంతా చేతులు ఊకుంటలేవు, కొంగును చుడుతున్నయి.

నువ్వు సంతకం పెట్టు. నేను ఇంకేం అడుగ.

ప్రేమ

సిరిసిల్ల,
23 ఫిబ్రవరి 2025

ప్రేమకు,

కార్డు ఇచ్చినవని చదివిన. నీకు ఎవలు చెప్పిన్రు ఇయ్యుమని? నన్ను ఒక్క మాట అడుగుతే ఏం పోతుండె? నీ చేతులకు వేరే పని రాదు, నీ మోకాళ్లు వేరే పనికి లేవయి. పోయి మళ్ల అడుగు. చాట దింపు.

పరీక్ష నాకు సమజ్ అయింది. నీ రాతతోని కాదు, నా తీర్గ సమజ్ అయింది. బుధారం నాడు చానా దినాలకు కార్ఖానకు పోయిన. లోపలికి పోనియ్యలే, దుమ్ముకు వద్దన్నరు. బయట నిలవడి గోడ మీద చెయ్యి పెట్టిన. నాకు వినవడకున్నా గోడ మీద చెయ్యి పెడితే లోపల ఎన్ని సాంచలు నడుస్తున్నయో, ఎన్ని ఆగినయో చెప్త. సాంచలు అన్ని షెడ్లల అవే, ఏవి నడుస్తున్నయన్నదే లెక్క. డాక్టర్లు గూడ గడ్డ మీద గట్లనే చెయ్యి పెట్టి చూస్తరన్నట్టు. ఇది ముందే చెప్తే నేను ఎందుకు కాదంటుంటి? సత్యవ్వకు గూడ చెప్పిన. ఆమె టీవీ మాత్రం బంద్ చెయ్యలే.

కాయిదం ముంగటేసుకున్న. మొదటి పేజీ నింపిన, రెండోది నింపిన, నాలుగో పేజీల సంతకం గూడ పెట్టిన. మూడోది రాయలే. దాని మీద ఏముందో కల్యాణిని అడుగు. మూడు దినాలు పెన్ను పట్టుకొని కూసున్న, రాయరాలే. భూమేశ్ జగిత్యాల మీదికెళ్లి పోతున్నడంటే కాయిదం అట్లనే కల్యాణికి ఇయ్యుమని పంపిన. ఆ పేజీ లేకుంటనే తీసుకుంటరేమో అడగమన్న.

ఎండలు అప్పుడే షురూ అయినయి. పానం నిమ్మలంగ ఉంటలేదు. నువ్వు చాట దింపు, ప్రేమా. నేను చెప్తున్న కదా.

అన్న

కోరుట్ల,
2 మార్చి 2025

అన్నా,

శుక్రారం బస్సెక్కి జగిత్యాల పోయిన. కల్యాణి రూముల కూసొని ఆ మూడో పేజీ చూసిన. "పొగ తాగుతరా? బీడీనా, సిగరెట్టా? రోజుకు ఎన్ని? ఎన్నేండ్ల సంది?" గంతే ఉన్నది.

నువ్వు ఎందుకు రాయలేదో అప్పుడు సమజ్ అయింది. నేను ఏడ్సిన. పిల్ల నీళ్లు తెచ్చి ఇచ్చింది. బీడీ అని రాస్తే చెల్లె పేరు రాసినట్టు అయితదని గద? నన్ను కాపాడబోయి నీ పానం మీదికి తెచ్చుకున్నవ్. ఆ పేజీ లేకుంటే తీసుకోరట, అన్ని కలిపి చూస్తేనే డాక్టర్లకు లెక్క కుదురుతదట.

నువ్వు రాయరాదంటివి, నేను రాసిన. నా చేతులతోనే నింపిన. బీడీ. రోజుకు ఒకటి, నెలకు ఒక కట్ట లెక్కన. ముప్పై ఏండ్ల సంది, ఆపరేషన్ దాక. కల్యాణిని అడిగితే, ఇంట్ల తాగంగ ఈ నడుమ నేను చూడలే అత్తా, కార్ఖానల తాగుతడేమో, కట్టలైతే నెల నెలా వస్తయి కదా అన్నది. అందరం కలిసి నిజం రాసినం. కొరియర్‌ల సోమారం పోతది.

నా తప్పు కాయిదం మీద పడ్డది. పడితే పడనియ్యి. చుట్టినదాన్ని నేనే, రాసినదాన్ని నేనే. కార్డు మాత్రం వాపస్ అడుగ.

జగిత్యాల బస్టాండుల ఒకామె నా వేళ్ల మచ్చలు చూసి బీడీలు చేస్తవా అక్కా అని అడిగింది. లేదు అని చెప్పిన. ఎన్నడు అనలే ఆ మాట.

ప్రేమ

సిరిసిల్ల,
5 మార్చి 2025

ప్రేమా,

ఈ జాబు పోస్టుల వేస్తలేను, భూమేశ్ చేతికిచ్చి ఇయ్యాల్నే పంపుతున్న. చదివిన ఎంటనే కల్యాణికి ఫోన్ చేసి ఆ పేజీ దిద్దుమని చెప్పు. నువ్వు రాసింది తప్పు.

నేను బీడీ ఇడిసి పదకొండేండ్లు అయింది.

కల్యాణి ఏడో తరగతిల ఉన్నప్పుడు ఒకనాడు నా పక్కకెళ్లి లేసి పోయి అవ్వ పక్కన పండుకున్నది. వాసన, బాపు అన్నది. అప్పుడు నాకు ఇంకా కొద్దిగ వినవడేది. మర్నాటి సంది ముట్టలే. ఎవలకూ చెప్పలే, మూడు దినాలకు మళ్ల తాగుతనేమో, చెప్తే ఇజ్జత్ పోతదని. తర్వాత చెప్పనీకి వీలు పడలే. హైదరాబాద్‌ల డాక్టర్ అడిగినప్పుడు సత్యవ్వ తాగుతడని చెప్పింది. నేను పెదవులు చూసి తెల్సుకున్న, ఊకున్న.

నీ కట్టలు ఒక్కటి గూడ ఎవలకూ ఇయ్యలే. దారం కండెలు పెట్టుకునే రేకుడబ్బల ఉన్నయి, పదకొండేండ్లయి. కొన్ని బూజు పట్టినయి. ఏడాదికోసారి ఎండల పెట్టి మళ్ల సదురుత.

ఎందుకు దాసినవంటవ్. నాకు ఫోన్‌ల నీ మాట వినవడక చానా ఏండ్లయింది. జాబులల్ల నువ్వు అన్ని రాయవ్, మంచిగున్న అని రాస్తవ్. కట్ట మాత్రం అబద్దం చెప్పది. నువ్వు దారం రెండుసార్లు తిప్పి ముడి వేస్తవ్, బిగ్గ. నేను ఆ ముడి మీద ఏలు పెట్టి చూస్త. కరోనా వచ్చిన ఏడు నీ పెనిమిటి దేవేందర్ బావ పోయినప్పుడు నాలుగు నెలలు ముడి వదులు వదులుగ ఉండె, కట్ట చేతుల పట్టుకుంటేనే బీడీలు జారేటివి. నీకు షుగర్ ఉన్నదని నువ్వు రాయకముందే నాకు ఎరుక. ఆ నెల దారం మూడుసార్లు తిప్పినవ్, వేళ్లకు స్పర్శ లేక ముడి పడ్డదో లేదో నీకు తెల్వలే. బీడీ మానేసిన అని చెప్తే నువ్వు పంపుడు బంద్ చేస్తవ్. గప్పుడు నువ్వు ఎట్లున్నవో నాకు చెప్పేటోళ్లు ఎవలు?

మూడో పేజీల ఏం రాసినా కల్యాణి నీకు చెప్తది. తాగుతున్న అని అబద్దం రాయరాలే. ఇడిసిన అని నిజం రాస్తే నీ కట్టలకు ఏం జవాబు చెప్పాలె? గందుకే రాయలే. నువ్వు అనుకున్నంత మంచోన్ని కాదు నేను.

ఇంకొకటి. దానికి ముందు పంతొమ్మిదేండ్లు తాగిన. నీయి తాగిన, పాన్ డబ్బల కొనుక్కొని గూడ తాగిన. సాంచల దుమ్ము మింగిన. ఎందుకు వచ్చిందో ఆ దేవునికి తెల్వాలె. నీ ఒక్కదాని మీద వేసుకోకు. గంత బరువు మోసే మోకాళ్లు కాదు నీయి.

అన్న

కోరుట్ల,
28 మార్చి 2025

అన్నా,

నీ జాబు వచ్చినప్పుడే జవాబు రాయాల్సి ఉండె. రాయరాలే. పదకొండేండ్లు నన్ను మోసం చేసినవ్ అని ఒక దినం, నా ముడి చూసుకుంట కూసున్నవ్ అని ఒక దినం, గట్ల ఇరవై దినాలు పోయినయి.

పేజీ దిద్దినం. కాయిదం అప్పటికే పోయింది గని, కల్యాణి ఫోన్ చేసి దవాఖానోళ్లతోని మాట్లాడింది. పంతొమ్మిదేండ్లు తాగిండు, పదకొండేండ్ల కింద ఇడిసిండు అని మార్చుకున్నరు.

నిన్న రిపోర్టు వచ్చింది. పిల్ల పొద్దుగాలనే బస్సెక్కి నా దగ్గరికి తెచ్చింది. నీకు చెప్పే ముందుగాల నాకు చెప్పి, నా మొఖం ఎట్లయితదో చూసి, అప్పుడు నీకు చెప్దామనుకున్నదట. గందుకే నేను రాస్తున్న, నిమ్మలంగ చదువు. గడ్డ మళ్ల వచ్చే జాతిదే అన్నట్టు ఉన్నది. ఎక్కువ భయం ఉన్న దిక్కు పడ్డది. వచ్చి తీరుతదని కాదట. మందు పెడితే ఆ భయం తగ్గుతదట, నీకు పెట్టుడే మంచిదని డాక్టర్ చెప్పిండట. మూడు వారాలకొకసారి, నాలుగుసార్లు. ఏప్రిల్ ఏడు నాడు మొదటిది. సంతకం పెట్టకపోతే మంచిగైంది అనుకొని ఇంట్ల కూసుంటుంటివి, కదా.

ఇది ఎందుకు వచ్చిందో రిపోర్టుల ఉంటదా అని కల్యాణిని అడిగిన. ఉండదట. గడ్డ ఇప్పుడు ఏం చేస్తున్నది, ముంగట ఏం చెయ్యబోతది, గంతే చెప్తదట. నాకు నమ్మకం లేక కాయిదాలు తిప్పి తిప్పి చూసిన. అంకెలున్నయి, గీతలున్నయి. బీడీ అన్న మాట లేదు. సాంచ అన్న మాట లేదు. నా పేరు లేదు. ఉంటే తిట్టుకుంట ఏడ్సేదాన్ని, లేకపోయినా ఏడుపే వచ్చింది. ఎవల మీద వెయ్యాల్నో తెల్వకుంట అలిసిపోయిన అన్నా. ఇగ వెతుక.

ఆరో తారీకు నేను సిరిసిల్లకు వస్త. నాలుగు మందులు అయ్యేదాక మీ ఇంట్లనే ఉంట. వదినకు ముందే చెప్పు, లేకుంటే అలుగుతది. ఆ రేకుడబ్బను నేను వచ్చేదాక ముట్టకు. కాలవెట్టకు, పొగ నీకు మంచిది కాదు. నేనే గుంత తీసి పూడుస్త.

కార్డు వాపస్ తీసుకోలే, తీసుకోను. గని నిన్న పొద్దుమీకి చాట దింపిన. పాత ఆకు కొద్దిగ మిగిలి ఉన్నది. నీళ్లు సల్లి మెత్తగ చేసి, కత్తిరించి చుట్టిన. లోపల తంబాకు లేదు, ఏమీ లేదు, ఉత్త ఆకు. ఇరవై ఐదు. భూమేశ్‌కు ఇచ్చి పంపుతున్న.

దారం రెండుసార్లే తిప్పిన. ఏలు పెట్టి చూస్కో.

ప్రేమ